సముద్రంలో పట్టుబడిన ఓడకు పూచీకత్తు ఎంత? అంతర్జాతీయ సముద్ర చట్టంలో పాటిబండ్ల చంద్రశేఖరరావు

గుజరాత్‌లోని వేరావల్ రేవు నుంచి వేటకు వెళ్లిన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల మత్స్యకారులు 2018 చివర్లో పాకిస్తాన్ అధికారులకు చిక్కారు. ఏడాదికి పైగా కరాచీ జైల్లో మగ్గారు. 2020 జనవరిలో 20 మంది వాఘా సరిహద్దు దాటి ఇళ్లకు చేరారు. ఇలాంటి వార్త వచ్చినప్పుడల్లా అందరి నోటా ఒకటే ప్రశ్న వినిపిస్తుంది: గీత దాటి చేపలు పట్టినంత మాత్రాన మనుషుల్ని నెలల తరబడి జైల్లో పెట్టే హక్కు ఏ దేశానికైనా ఉందా?

ఈ ప్రశ్నకు జవాబు కొంత 1982 నాటి ఐక్యరాజ్యసమితి సముద్ర చట్ట ఒప్పందంలో ఉంది. మిగతాది జర్మనీలోని హాంబర్గ్‌లో పనిచేసే అంతర్జాతీయ సముద్ర చట్ట ట్రైబ్యునల్ తీర్పుల్లో ఉంది. ఆ తీర్పుల్లో ముఖ్యమైనవి కొన్ని వెలువడినప్పుడు అధ్యక్ష స్థానంలో ఉన్నది ఒక తెలుగువాడు, కృష్ణా జిల్లా వీరులపాడులో పుట్టిన పాటిబండ్ల చంద్రశేఖరరావు. ఆయన పేరు మన పాఠకుల్లో చాలామందికి తెలియదు. ఆ లోటు నాకు బాధగానే ఉంది. ఆయన పని అర్థం కావాలంటే ముందు నీటి మీద గీతలు ఎలా గీశారో తెలియాలి.

నీటి మీద గీతలు

సముద్రంలో దూరాన్ని నాటికల్ మైళ్లలో కొలుస్తారు. ఒక నాటికల్ మైలు 1.852 కిలోమీటర్లు. తీరం నుంచి 12 నాటికల్ మైళ్ల వరకు, అంటే దాదాపు 22 కిలోమీటర్లు, ప్రాదేశిక జలాలు. అక్కడ తీర దేశానికి నేల మీద ఉన్నంత సార్వభౌమాధికారం ఉంటుంది. విదేశీ ఓడలు శాంతియుతంగా దాటిపోవచ్చు, అంతే. 24 మైళ్ల వరకు ఉన్న అదనపు పట్టీలో కస్టమ్స్, వలస, పన్ను, పారిశుద్ధ్య చట్టాల ఉల్లంఘనను అడ్డుకోవచ్చు.

ఆ తర్వాతది అసలు చిక్కు. 200 మైళ్ల వరకు, అంటే సుమారు 370 కిలోమీటర్ల దాకా, ప్రత్యేక ఆర్థిక మండలి. పేరులోనే ఉన్నట్టు అక్కడ తీర దేశానికి ఉన్నది ఆర్థిక హక్కు: చేపల మీద, అడుగునున్న చమురు, గ్యాస్ మీద. ఆ నీరు మాత్రం ఆ దేశపు భూభాగం కాదు. ఏ దేశపు ఓడైనా అక్కడ స్వేచ్ఛగా ప్రయాణించవచ్చు. కాబట్టి ఒకే చోట రెండు హక్కులు ఎదురుపడతాయి. దొంగచాటుగా చేపలు పట్టే ఓడను ఆపే హక్కు తీర దేశానిది. ఓడ ఏ దేశపు జెండాతో తిరుగుతుందో ఆ దేశానికి తన ఓడనూ మనుషులనూ కాపాడుకునే హక్కు ఉంది.

1973 నుంచి 1982 దాకా సాగిన ఐక్యరాజ్యసమితి సమావేశంలో ఈ రెంటి మధ్య రాజీ కుదిరింది. 320 అధికరణలు, 9 అనుబంధాలతో తయారైన ఒప్పందం మీద 1982 డిసెంబర్ 10న జమైకాలోని మాంటెగో బేలో సంతకాలయ్యాయి. 1994 నవంబర్ 16న అమల్లోకి వచ్చింది. భారత్ 1995లోనూ పాకిస్తాన్ 1997లోనూ దాన్ని ఆమోదించాయి.

జైలు కుదరదు, బాండు కట్టాలి

ఆ రాజీ సారమంతా రెండు అధికరణల్లో ఉంది. 73వ అధికరణ ప్రకారం ప్రత్యేక ఆర్థిక మండలిలో చేపల చట్టాన్ని అతిక్రమించిన ఓడను తీర దేశం ఆపవచ్చు, సోదా చేయవచ్చు, పట్టుకోవచ్చు, కేసు పెట్టవచ్చు. అయితే సముచితమైన పూచీకత్తు కట్టగానే ఓడనూ సిబ్బందినీ వెంటనే వదిలేయాలి. దేశాల మధ్య వేరే ఒప్పందం లేకపోతే శిక్షగా జైలు వేయకూడదు. శారీరక శిక్ష అసలే కుదరదు.

వదలకపోతే? దానికి 292వ అధికరణ ఉంది. పట్టుకున్న పది రోజుల్లో ఏ కోర్టుకు వెళ్లాలో ఇరు దేశాలూ తేల్చుకోలేకపోతే, జెండా దేశం హాంబర్గ్ ట్రైబ్యునల్ తలుపు తట్టవచ్చు. నేరం జరిగిందా లేదా అన్నది ట్రైబ్యునల్ చూడదు. అది దేశీయ కోర్టు పని. పూచీకత్తు సముచితంగా ఉందా, లేకపోతే ఎంత ఉండాలి అన్నంత వరకే దాని పని. ప్రమాదం చేసిన లారీని పోలీసులు ఆపితే, కేసు నడుస్తుండగానే యజమాని కోర్టుకు పూచీకత్తు కట్టి బండిని విడిపించుకున్నట్టే ఇదీ.

చిక్కల్లా ఏమిటంటే, సముచితం అంటే ఎంతో ఒప్పందం చెప్పలేదు. ఓడ విలువంతా కట్టాలా? పట్టిన చేపల విలువా? పడబోయే జరిమానాకు సమానంగానా? నూట యాభైకి పైగా దేశాలు కూర్చుని రాసిన పత్రంలో ఇలాంటి ఖాళీలు అనివార్యం. ఒక అంకె దగ్గర అందరూ ఒప్పుకోరు కాబట్టి, అందరికీ నచ్చే మాట ఒకటి పెట్టి భారాన్ని న్యాయమూర్తుల మీదికి నెడతారు. న్యాయశాస్త్రవేత్త చేతికి పని దొరికేది సరిగ్గా ఇక్కడే.

వీరులపాడు నుంచి హాంబర్గ్‌కు

చంద్రశేఖరరావు 1936 ఏప్రిల్ 22న పుట్టారు. మద్రాసు విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్రం చదివారు. 1970ల్లో న్యూయార్క్‌లోని భారత శాశ్వత ప్రతినిధి కార్యాలయంలో న్యాయ సలహాదారుగా పనిచేశారు. 1973లో మొదలైన ఆ సముద్ర చట్ట సమావేశానికి వెళ్లిన భారత బృందంలో ఉన్నారు. 1983లో, అంటే ఒప్పందం మీద సంతకాలైన మరుసటి ఏడాదే, సముద్ర మండలాల కొత్త చట్టం మీద గ్రంథం ప్రచురించారు. 1988 నుంచి 1996 దాకా కేంద్ర న్యాయ శాఖ కార్యదర్శిగా ఉన్నారు. నేటికీ మన దేశంలో మధ్యవర్తిత్వానికి ఆధారమైన 1996 చట్టం ఆయన హయాంలో తయారైందే.

1996లో 21 మంది న్యాయమూర్తులతో ట్రైబ్యునల్ ఏర్పడినప్పుడు అందులో ఆయన ఒకరు. 1999లోనూ 2008లోనూ తిరిగి ఎన్నికై 2017 దాకా కొనసాగారు. 1999 నుంచి 2002 వరకు అధ్యక్షుడు. ఘనాకు చెందిన థామస్ మెన్సా తర్వాత ఆ పదవిలోకి వచ్చిన రెండో వ్యక్తి.

ఆయన అధ్యక్షుడైన నాటికి ట్రైబ్యునల్ వయసు మూడేళ్లు. అసలు అది అవసరమా అన్న ప్రశ్న గట్టిగా వినిపిస్తున్న కాలం. ద హేగ్‌లో అంతర్జాతీయ న్యాయస్థానం ఉండగా సముద్రానికి వేరే కోర్టు పెడితే, ఒకే చట్టానికి రెండు చోట్ల రెండు అర్థాలు పుడతాయని అక్కడి న్యాయమూర్తి షిగేరు ఓడా మొదటి నుంచీ వాదించారు. 2000లో ఆ కోర్టు అధ్యక్షుడు గిల్బర్ట్ గియోమ్ ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభలోనే కోర్టులు పెరిగిపోవడం మీద ఆందోళన వ్యక్తం చేశారు. ఆ భయం నిరాధారమైనది కాదు. కొత్త కోర్టు తన తీర్పుల్లో నిలకడ చూపితేనే అది పోతుంది.

మొదటి కేసులోనే అసమ్మతి

ట్రైబ్యునల్ ముందుకు వచ్చిన తొలి కేసు సైగా. సెయింట్ విన్సెంట్ అండ్ గ్రెనడీన్స్ జెండాతో తిరిగే ఈ చిన్న ట్యాంకర్ పశ్చిమాఫ్రికా తీరంలో చేపల ఓడలకు నడి సముద్రంలోనే డీజిల్ పోసేది. 1997 అక్టోబర్ 28న గినియా దాన్ని పట్టుకుంది. స్మగ్లింగ్ చేసిందన్నది గినియా ఆరోపణ. చేపల ఓడకు డీజిల్ పోయడం చేపల వేటకు సంబంధించిన వ్యవహారమా, కస్టమ్స్ వ్యవహారమా? మొదటిదైతే పూచీకత్తు కట్టగానే వదలాలన్న సత్వర విడుదల నిబంధన వర్తిస్తుంది. రెండోదైతే వర్తించదు.

మెజారిటీ మొదటి వైపు మొగ్గింది. ఆ వాదన నమ్మదగ్గట్టు ఉంటే ఈ దశలో చాలునని చెప్పి, 1997 డిసెంబర్ 4న 4 లక్షల డాలర్ల పూచీకత్తు మీద విడుదలకు ఆదేశించింది. ఓట్లు 12, 9గా చీలాయి. చంద్రశేఖరరావు ఆ తొమ్మిది మందిలో ఉన్నారు. మరో నలుగురు న్యాయమూర్తులతో కలిసి అసమ్మతి తీర్పు రాశారు. గినియా పెట్టింది చేపల కేసు కాదు, కాబట్టి దాన్ని ఈ దారిలోకి లాగకూడదన్నది మైనారిటీ వాదన సారాంశం.

గినియా మీద సానుభూతితో ఇలా అన్నారనుకుంటే పొరపాటు. 1999 జూలై 1న అదే ఓడ మీద పూర్తి విచారణ ముగిసి, ఆర్థిక మండలిలో కస్టమ్స్ చట్టాన్ని అమలు చేయడమే అక్రమమని ట్రైబ్యునల్ తేల్చినప్పుడు ఆయన మెజారిటీలోనే ఉన్నారు. గినియా 21 లక్షల డాలర్లకు పైగా పరిహారం చెల్లించాల్సి వచ్చింది. ఈ రెండు ఓట్లనూ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు తోచేది ఒకటే: ఫలితం న్యాయమైనదైనా సరే, దాన్ని తప్పు దారిలో అందుకోకూడదన్న పట్టుదల. కొత్త కోర్టుకు అది చాలా అవసరమైన గుణం.

టూత్‌ఫిష్ లెక్కలు

అధ్యక్షుడిగా ఆయన ముందుకు వచ్చిన కేసుల్లో కొన్ని దక్షిణ మహాసముద్రంలోని పటగోనియన్ టూత్‌ఫిష్ చుట్టూ తిరిగాయి. ఇది నెమ్మదిగా పెరిగే లోతునీటి చేప. మార్కెట్లో ధర ఎక్కువ. ఫ్రాన్స్ అధీనంలోని క్రోజే, కెర్గెలెన్ దీవుల చుట్టూ దొంగ వేట విపరీతంగా సాగేది.

పనామా జెండాతో ఉన్న కామూకో ఓడను 1999 సెప్టెంబర్‌లో క్రోజే దగ్గర ఫ్రెంచ్ నౌకాదళం పట్టుకుంది. ఫ్రెంచ్ కోర్టు 2 కోట్ల ఫ్రాంకుల పూచీకత్తు అడిగింది. నిపుణుడు ఓడకు కట్టిన విలువ సుమారు 37 లక్షల ఫ్రాంకులు. ఓడ ఖరీదు కంటే అయిదు రెట్లు ఎక్కువ పూచీకత్తు అడిగితే ఏ యజమాని కడతాడు? వదిలేసి పోతాడు. అప్పుడు విడుదల హక్కు కాగితం మీదే మిగిలిపోతుంది. 2000 ఫిబ్రవరి 7న ట్రైబ్యునల్ దాన్ని 80 లక్షలకు తగ్గించింది. అదీ ఓడ విలువకు రెట్టింపు పైనే ఉందని గమనించాలి.

ఆ తీర్పు అంకె దగ్గరే ఆగలేదు. పూచీకత్తు సముచితమా కాదా తేల్చడానికి ఏమేం చూడాలో చెప్పింది: ఆరోపించిన నేరం తీవ్రత, విధించిన లేదా విధించగల శిక్ష, ఓడ విలువ, స్వాధీనం చేసుకున్న సరుకు విలువ, పట్టుకున్న దేశం అడిగిన మొత్తం, దాన్ని ఏ రూపంలో అడిగిందన్నది. దేశీయ కోర్టుల్లో అప్పీళ్లన్నీ ముగిసేదాకా ఆగనక్కర్లేదని కూడా తేల్చింది. సత్వర విడుదల అన్నాక ఆగమనడంలో అర్థం లేదు కదా. ఓడ కెప్టెన్ పాస్‌పోర్టు లాక్కుని ఫ్రాన్స్ అధీనంలోని రీయూనియన్ దీవి దాటకుండా ఆపడం కూడా నిర్బంధమేనని గుర్తించి ఆయన్నూ వదలమంది.

అదే ఏడాది చివర్లో మోంటే కన్ఫూర్కో. సీషెల్స్ జెండా, కెర్గెలెన్ జలాలు, ఓడలో 158 టన్నుల టూత్‌ఫిష్. ఫ్రెంచ్ కోర్టు అడిగింది 5.64 కోట్ల ఫ్రాంకులు. ఆ చేపలన్నీ ఫ్రెంచ్ జలాల్లోనే దొంగిలించినవన్నది ఆ అంకె వెనకున్న ఊహ. అందుకు తగిన ఆధారం లేదని ట్రైబ్యునల్ భావించింది. 2000 డిసెంబర్ 18న పూచీకత్తును 1.8 కోట్లుగా నిర్ణయించింది. అందులో 90 లక్షలు ఫ్రాన్స్ ఇప్పటికే స్వాధీనం చేసుకున్న చేపల విలువ కింద జమ. మిగిలిన 90 లక్షలకు బ్యాంకు గ్యారంటీ ఇస్తే చాలు. అంటే సరుకును ఒకసారి గుంజుకుని, ఆ నష్టాన్నే మళ్లీ పూచీకత్తులో కలిపి రెండుసార్లు వసూలు చేయడం కుదరదు. 73వ అధికరణలో తీర దేశ ప్రయోజనం, జెండా దేశ ప్రయోజనం రెండూ ఉన్నాయనీ ఆ రెంటి మధ్య సమతూకమే సముచితం అన్న మాటకు కొలమానమనీ ఈ తీర్పు స్పష్టం చేసింది.

ఫ్రాన్స్ వాదన తీసిపారేయదగ్గదా?

కాదు. ఈ తీర్పుల మీద వచ్చిన విమర్శ బలమైనది. ఆ మంచు సముద్రంలో గస్తీకి ఒక్క ఓడను పంపడమే పెద్ద ఖర్చు. వందల మైళ్లు గాలిస్తే దొంగ ఓడ ఒకటి దొరుకుతుంది. దాన్ని తక్కువ పూచీకత్తుకు వదిలేస్తే యజమానులు దాన్ని వ్యాపార ఖర్చులో రాసుకుని మళ్లీ అక్కడికే వస్తారు. చేపల సంతతి అంతరించిపోతోంటే కోర్టు ఓడ విలువ లెక్కలు వేస్తూ కూర్చోవడమేమిటని తీర దేశాలు అడిగాయి. కామూకో కేసులో ఆండర్సన్, వోల్‌ఫ్రమ్ వంటి న్యాయమూర్తులు అసమ్మతి రాశారు. స్థానిక పరిస్థితి తెలిసిన దేశీయ కోర్టుకు మరింత వెసులుబాటు ఇవ్వాలన్న ఆలోచన అందులో ఉంది.

ఎదుటి వైపు వాదనా తేలికైనది కాదు. ఓడ యజమాని ఎక్కడో క్షేమంగా ఉంటాడు. ఒడ్డున చిక్కుకునేది జీతానికి వచ్చిన నావికులు. పూచీకత్తుకు పైకప్పు లేకపోతే, నేరం రుజువు కాకముందే శిక్ష మొదలవుతుంది. నా మొగ్గు ఈ రెండో వాదన వైపే. అయితే అక్రమ వేట సమస్యకు పూచీకత్తు తీర్పుల్లో పరిష్కారం లేదన్నదీ నిజం. చంద్రశేఖరరావు పదవీకాలం ముగిశాక, 2002 డిసెంబర్‌లో వచ్చిన వోల్గా కేసులో ఆస్ట్రేలియా మంచి నడవడికకు హామీగా అదనంగా 10 లక్షల ఆస్ట్రేలియన్ డాలర్లు, ఓడలో నిఘా పరికరం కావాలని అడిగింది. 73వ అధికరణలో అలాంటి షరతులకు చోటు లేదని ట్రైబ్యునల్ కాదంది. రెండేళ్ల కిందట గీసిన గీత అక్కడా నిలిచింది.

గడియారం, జెండా

న్యాయశాస్త్రవేత్త ముద్ర తీర్పుల్లోనే వెతకడం మనకు అలవాటు. కోర్టు నడిచే నిబంధనల్లో కూడా అది ఉంటుంది. మొదట్లో సత్వర విడుదల దరఖాస్తు వచ్చిన పది రోజుల్లో వాదనలు మొదలవాలి, అవి ముగిసిన పది రోజుల్లో తీర్పు రావాలి. ప్రతివాది దేశానికి జవాబు రాసుకునే వ్యవధి వాదనలకు ఒక్కరోజు ముందు దాకానే. 2001 మార్చిలో, చంద్రశేఖరరావు అధ్యక్షతలోనే, ఈ గడువులు 15 రోజులు, 14 రోజులుగా మారాయి. పట్టుకున్న దేశానికి తన వాదన సరిగా వినిపించే వీలు దొరికింది. ఆ తర్వాత ఆయన ఈ నిబంధనల మీద వ్యాఖ్యాన గ్రంథానికి సహ సంపాదకుడిగానూ ఉన్నారు.

ఆ వెంటనే వచ్చిన గ్రాండ్ ప్రిన్స్ కేసులో ట్రైబ్యునల్ పూచీకత్తు దాకా వెళ్లనే లేదు. ఆ ఓడ నిజంగా బెలిజ్ జెండా ఓడేనా అన్నదానికి ఆధారాలు చాలలేదని 2001 ఏప్రిల్ 20న 12, 9 ఓట్లతో కేసు తన పరిధిలోకి రాదని చెప్పింది. అవసరానికో జెండా మార్చే ఓడలకు ఈ దారి మూసుకుపోయింది. కామూకోలో ఓడ వైపు తూగిన కోర్టు ఇక్కడ జెండా కాగితాలు అడగడంలో వైరుధ్యం లేదు. హక్కు జెండా దేశానిదైనప్పుడు ఆ జెండా నిజమైనదై ఉండాలి.

మరి మన మత్స్యకారులకు?

భారత్, పాకిస్తాన్ రెండూ ఒప్పంద దేశాలే. మరి కరాచీ జైలు నుంచి హాంబర్గ్‌కు దారి ఎందుకు లేదు? ఒక ఊహా ఉదాహరణ చూద్దాం. మెకనైజ్డ్ బోటు ఒకటి పాకిస్తాన్ తీరానికి 40 మైళ్ల దూరంలో, వివాదం లేని పాక్ ఆర్థిక మండలిలో పట్టుబడిందనుకోండి. జైలు శిక్ష వేయకూడదు. పూచీకత్తు అడగాలి. కట్టాక వదలాలి. వదలకపోతే భారత ప్రభుత్వం ట్రైబ్యునల్‌కు వెళ్లవచ్చు. మత్స్యకారుడో బోటు యజమానో సొంతంగా వెళ్లలేరు. వెళ్లాల్సింది ప్రభుత్వమే, లేదా ప్రభుత్వం తరఫున అనుమతి పొందినవారు.

అదే బోటు తీరానికి 10 మైళ్లలో దొరికితే? అది ప్రాదేశిక జలం. 73వ అధికరణ అక్కడికి రాదు. అక్రమ ప్రవేశం కింద కేసు పెడతారు. గుజరాత్, సింధ్ మధ్య ఉన్న సర్ క్రీక్ అనే సముద్రపు పాయ మీది వివాదం తేలనందువల్ల అక్కడి సముద్ర సరిహద్దు కూడా తేలలేదు. పట్టుకున్నది ఏ నీటిలో అన్నదే వివాదమైపోతుంది. రెండు దేశాలూ ఇలాంటి కేసుల్ని అంతర్జాతీయ కోర్టు దాకా తీసుకెళ్లకుండా దౌత్యం మీదే నడిపిస్తున్నాయి. 2008 ఒప్పందం ప్రకారం ఏటా జనవరి 1న, జూలై 1న ఖైదీల, మత్స్యకారుల జాబితాలు ఇచ్చిపుచ్చుకుంటాయి. విడుదల మాత్రం సంబంధాలు బాగున్నప్పుడే కదులుతుంది. చట్టం ఉండి కూడా అందని చోటు ఇది. నన్ను ఎక్కువగా కలచివేసేదీ ఇదే.

ఒక్క మనిషి వాటా ఎంత?

21 మందిలో ఒకరిది ఒక ఓటు. తీర్పు కోర్టు పేరు మీద వస్తుంది. ఏ వాక్యం ఎవరు రాశారో బయటికి రాదు. పైగా అంతర్జాతీయ న్యాయస్థాన శాసనంలోని 38వ అధికరణ ఒప్పందాలను, ఆచారాన్ని, సాధారణ సూత్రాలను ముందు పెట్టి, కోర్టు తీర్పులనూ పండితుల రచనలనూ సహాయక సాధనాలుగానే లెక్కిస్తుంది. ట్రైబ్యునల్ తీర్పు ఆ కేసులోని పక్షాలకే కట్టుబాటు. కాబట్టి ఫలానా సూత్రం చంద్రశేఖరరావుది అనడం సరికాదు.

అయినా జాడలు కనబడతాయి. 2001 డిసెంబర్‌లో ఐర్లండ్, బ్రిటన్ మధ్య మాక్స్ ప్లాంట్ అణు ఇంధన కేసులో, సముద్ర కాలుష్యాన్ని నివారించడానికి పరస్పరం సహకరించుకోవడం దేశాల మౌలిక బాధ్యత అని ఆయన అధ్యక్షతలోని ట్రైబ్యునల్ చెప్పింది. ఆ మాట తర్వాతి కేసుల్లో మళ్లీ మళ్లీ వినబడింది. 2012 మార్చి 14న బంగ్లాదేశ్, మయన్మార్ మధ్య బంగాళాఖాతంలో గీత గీసినప్పుడు, నెల్సన్, కో అనే న్యాయమూర్తులతో కలిసి ఆయన ఒక ఉమ్మడి ప్రకటన జతచేశారు. నల్ల సముద్రం కేసులో ద హేగ్ కోర్టు 2009లో స్థిరపరిచిన, సముద్ర సరిహద్దు గీసే పద్ధతినే ట్రైబ్యునల్ అనుసరించిందని అందులో నొక్కి చెప్పారు. రెండు కోర్టులు రెండు చట్టాలు పుట్టిస్తాయన్న పాత భయానికి ఇంతకంటే సూటి జవాబు ఉండదు.

2012 ఫిబ్రవరిలో కేరళ తీరంలో ఎన్రికా లెక్సీ అనే ఇటలీ ఓడ మీది నావికాదళ సిబ్బంది కాల్పుల్లో ఇద్దరు భారత మత్స్యకారులు చనిపోయారు. ఆ వివాదాన్ని విచారించిన అయిదుగురు సభ్యుల మధ్యవర్తిత్వ మండలికి భారత్ పంపింది చంద్రశేఖరరావునే. తీర్పు రాకముందే, 2018 అక్టోబర్ 11న ఆయన కన్నుమూశారు. ఆ స్థానంలోకి మరో తెలుగు న్యాయశాస్త్రవేత్త పెమ్మరాజు శ్రీనివాసరావు వచ్చారు. 2020 మేలో మండలి ఇటలీ సైనికులకు భారత కోర్టుల విచారణ నుంచి రక్షణ ఉందని 3, 2 ఓట్లతో తేల్చింది. శ్రీనివాసరావు అసమ్మతి వైపు నిలిచారు. భారత్‌కు పరిహారం దక్కాలని మాత్రం మండలి చెప్పి, ఎంత అన్నది ఇరు దేశాలూ మాట్లాడుకోవాలంది. అలా కుదిరిన 10 కోట్ల రూపాయలు జమయ్యాక, 2021 జూన్‌లో సుప్రీంకోర్టు కేసు మూసేసింది. అందులో మృతుల కుటుంబాలకు చెరి 4 కోట్లు, పడవ యజమానికి 2 కోట్లు.